లెక్కలోంచి తీసేసిన పేగు

నన్ను పరిశోధనలోంచి కొట్టేశారు. నిజం రాసినందుకు కొట్టేశారు. అబద్ధం రాసి ఉంటే ఈపాటికి నా పేగు కూడా పదిమంది పేగులతో పాటు పుస్తకంలోకి ఎక్కి కూర్చునేది.

ఈ ముక్క ముందే చెప్పేసి ఆ తర్వాత సంగతిలోకి వస్తున్నాను. మా ఇంట్లో మొదటినుంచీ చెప్పుకొస్తుంటే, అసలు అన్యాయం దగ్గరికి చేరేసరికి వినేవాళ్ళు ఒక్కొక్కరే లేచిపోతున్నారు.

మాది జగ్గయ్యపేట. నలభై ఏళ్ళు బోరు మోటార్లకి వైండింగ్ చేశాను. కాలిపోయిన మోటారు తెచ్చి నా ముందు పడేస్తే, మూత తియ్యకముందే వాసన చూసి ఎక్కడ కాలిందో చెప్పేవాణ్ణి. చదువంటారా, బడిలో చదివింది నాలుగో తరగతి, అదీ సగం. మిగతాదంతా మా ఊరి లైబ్రరీలో చదువుకున్నదే. అక్కడి వైద్యం బీరువా ఈ చివర నుంచి ఆ చివరకి చదివాను. కాన్పుల పుస్తకం తీసుకుంటుంటే లైబ్రరీ ఆయన "ఇది మీకెందుకండీ?" అన్నాడు. "వరసలో వచ్చింది, వదిలేస్తే దానికి బాధగా ఉండదూ?" అన్నాను. ఇంకోసారి అడగలేదు.

మా నేలంతా సున్నపురాయి. బోర్లోంచి పైకి లాగిన పైపు లోపల వేలు పెడితే తెల్లటి పెచ్చు తగులుతుంది. నీళ్ళు కాచే గిన్నె అడుగునా అదే. పైపులు గీకుతూ ఎన్నోసార్లు అనుకునేవాణ్ణి, ఇనుముకే ఈ గతి పడితే, పుట్టిన దగ్గర్నుంచీ ఇవే నీళ్ళు తాగుతున్న నా లోపలి పైపు సంగతేమిటని.

చివరికి ఆ పైపే మూసుకుంది. సున్నం వల్ల కాదని డాక్టరుగారు నాకు పదిసార్లు చెప్పారు. పెద్దపేగులో కండ పెరిగి దారికి అడ్డం పడిందట. చెడ్డది కాదు గానీ ఉంచకూడదట. జానెడు పేగు తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాలి. నాకు ఆశ్చర్యం కలగలేదు. పైపు పాడైతే ముక్క కోసి, రెండు కొసల మీదా కాలరు తొడిగి అతికించడం నేను చేసిన పనే.

ఆ డాక్టరుగారు ఉండేది నందిగామలో. నలభై దాటి ఉంటాయి. కోత కోసే చేత్తోనే పరిశోధనా చేసేవారు. పొట్ట కోసినవాళ్ళు ఎట్లా కోలుకుంటున్నారు, ఎందుకు కొందరు తొందరగా లేస్తున్నారు, కొందరు ఎందుకు లేవడం లేదు అన్నది ఆయన వెతుకులాట. ఆపరేషన్‌కి ముందు నన్ను గదిలో కూర్చోబెట్టి చెప్పారు.

"పెద్దాయనగారూ, పొట్ట కోసిన తర్వాత పేగులు కొన్ని రోజులు కదలవండి. మొద్దుబారి పడుంటయ్. కొంతమందికి రెండో రోజే కదులుతయ్, కొంతమందికి వారమైనా కదలవు. ఒంట్లో మెగ్నీషియం, జింకులాంటి ఖనిజాలు తక్కువున్నవాళ్ళకి ఆలస్యం అవుతోందేమో అని నా అనుమానం. అది తేల్చటానికి ఒక పరిశోధన చేస్తున్నా. మీరు ఒప్పుకుంటే మిమ్మల్ని చేర్చుకుంటా."

"దానికేముందండీ, అందరికీ ఆ మాత్రలిచ్చి చూడండి."

"అందరికీ ఇస్తే, పేగు మాత్ర వల్ల కదిలిందో దానంతట అది కదిలిందో ఎట్టా తెలుస్తుందండీ? అందుకని సగం మందికి ఖనిజాల మాత్ర, సగం మందికి ఉత్త పిండి మాత్ర. చూడ్డానికి రెండూ ఒకటే."

"నాకేది?"

"నాకూ తెలియదు."

"సిస్టరుగారికి?"

"ఆవిడకీ తెలియదు. సీసా మీద నంబరుంటుంది, అంతే. ఏ నంబరు ఏదో రాసిన కాగితం కవర్లో పెట్టి అంటించి వేరేచోట దాచారు. మొత్తం అయ్యాకే విప్పుతాం."

"అంటే వంటమనిషికే కూరలో ఉప్పేసిందో లేదో తెలియకుండా వడ్డిస్తారన్నమాట."

"సరిగ్గా అదేనండీ!" అని డాక్టరుగారు తెగ సంతోషపడ్డారు. నేను మెచ్చుకోలుగా అనలేదు.

అయినా ఒప్పుకున్నాను. ఎందుకు ఒప్పుకున్నానో తర్వాత చెబుతాను. ఒప్పుకున్నట్టు సంతకం పెట్టే కాగితాలు తొమ్మిది పేజీలు. అందరూ చివరి పేజీ తిప్పి సంతకం గీకి పోతారట. నేను బల్ల దగ్గర కూర్చుని మొదటి పేజీ నుంచి చదివాను. ఆరో పేజీలో ఒకే వాక్యం రెండుసార్లు పడింది, దాని చుట్టూ సున్నా చుట్టి ఇచ్చాను. మందు మధ్యలో మానకూడదని ఉంది. రెండు మాత్రలు ఒక్కసారే మింగకూడదని ఉంది. పిల్లలకి అందనియ్యకూడదని ఉంది. పక్క మంచం మాట మాత్రం ఆ తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు. ఇది చదివేవాళ్ళు గుర్తు పెట్టుకోవాలని మనవి.

"ఏ ఊరివాళ్ళు ఏ నీళ్ళు తాగుతున్నారో కూడా రాసుకుంటున్నారా? మా బోర్లలో ఉన్న ఖనిజాలు మీ మాత్రలో ఉండవు" అని కూడా అడిగాను. డాక్టరుగారు జేబులోంచి కాగితం తీసి ఏదో రాసుకున్నారు. నాకు ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

నాకు పదిహేడో నంబరు ఇచ్చారు.

ఆపరేషన్ సంగతి నేను చెప్పలేను. అది జరుగుతున్నప్పుడు నేను లేనట్టే. కళ్ళు తెరిచేసరికి రెండు మంచాల గదిలో ఉన్నాను. రెండో మంచం మీద పెనుగంచిప్రోలు నుంచి వచ్చిన రిటైరైన లెక్కల మేష్టారు. ఆయనకీ అదే జబ్బు, అదే కోత, నాకంటే రెండు గంటలు ముందు. ఆయనది పద్దెనిమిదో నంబరు. చర్చికి క్రమం తప్పకుండా వెళ్ళే మనిషి, మంచి నెమ్మదస్తుడు, లెక్క తప్పితే మాత్రం ఒప్పుకోడు.

మర్నాడు గుక్కెడు నీళ్ళు తాగనిచ్చారు. అప్పుడే మాత్రలూ మొదలు. పరిశోధన రాతపనంతా చూసే సిస్టరు ఒకావిడ ఉండేది. నలభై అయిదేళ్ళుంటాయి. చేతిలో ఎప్పుడూ పుస్తకం ఉండేది కాబట్టి గదిగదిలోనూ ఆవిణ్ణి రాతల సిస్టరు అనే పిలిచేవాళ్ళు. ఆవిడ నా బల్ల మీద సీసా పెట్టి, ఒక చిన్న పుస్తకం ఇచ్చింది.

"బాబాయిగారూ, పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. వేసుకున్న టైము ఇందులో రాయండి. ఏం తాగారో రాయండి. గ్యాస్ పోయిన టైము కూడా రాయాల."

"అదీ రాయాలా?"

"అదే ముఖ్యమండీ."

మాత్ర అరచేతిలో పెట్టుకున్నాను. అవతలి మంచం మీద మేష్టారు నా చెయ్యి వంకే చూస్తున్నారు. ఆయన సీసా ఇంకా రాలేదు.

మా వైపు ఒక పద్ధతుంది. ఎదుటి మనిషి చూస్తుండగా మనం ఒక్కళ్ళమే తినకూడదు. బస్సులో వేరుశనక్కాయల పొట్లం విప్పినా, పక్క సీటతని ముందు చాపి "తీసుకోండి" అనాలి. అతను వద్దండీ అంటాడు, అప్పుడు మనం తింటాం. అడక్కుండా తిన్నది అరగదు. ఇది మా అమ్మ చెప్పింది, అమ్మకి అమ్మమ్మ చెప్పింది. అరుగుదల గురించి మా ఇళ్ళల్లో జరిగిన పరిశోధన ఇదొక్కటే. ఆరోగ్యంగా ఉన్నప్పుడే అడక్కుండా తింటే అరగదంటే, అప్పుడే కుట్టిన పేగుతో నేను ఆ సాహసం చేస్తానా?

చెయ్యి చాపాను. "తీసుకోండి మేష్టారూ."

పద్ధతి ప్రకారం ఆయన వద్దనాలి. ఆయన లెక్కల మేష్టారు కదా, అనలేదు.

"సగం ఇవ్వండి" అన్నారు.

"సగమా?"

"నా సీసా వచ్చాక దాన్లో సగం మీకిస్తా. చూడండి అన్నయ్యగారూ, మీది అసలుదో నాది అసలుదో తెలవదు. ఒకటి మందై ఒకటి పిండైతే, ఒకళ్ళం బాగుపడి ఒకళ్ళం మంచంలోనే ఉంటాం. చెరిసగం చేసుకుంటే ఇద్దరికీ సగం మందైనా పడుద్ది."

"రెండూ పిండే అయితేనో?"

"అప్పుడు ఇద్దరం సమానంగా మోసపోతాం. ఒకళ్ళ మీద ఒకళ్ళకి ఏడుపుండదు."

ఈ లెక్కకి ఎదురు చెప్పగలవాడు మా కృష్ణా జిల్లాలో ఉన్నాడా? నాకు తెలియదు.

మాత్రని సగం చెయ్యడానికి సాయం మా ఆవిడ నుంచి వచ్చింది. ఆవిడ వక్కలు నమిలే మనిషి, సంచిలో అడకత్తెర లేకుండా గడప దాటదు. మొదటి మాత్ర అడకత్తెరలో పెట్టి నొక్కితే ఒక సగం ఎగిరి మేష్టారి దుప్పట్లో పడింది, రెండో సగం నలిగి పొడైంది. పొడి నేను నాకాను. రెండో రోజుకి ఆవిడ చెయ్యి కుదిరింది. బంగారం కొట్టు మనిషిలాగా కన్ను మూసి నొక్కేది. అయినా ఒక ముక్క ఎప్పుడూ ఆవగింజంత పెద్దది వచ్చేది. దాని దగ్గర పేచీ.

"పెద్దది మీరు తీసుకోండి."

"అబ్బే, మీరు తీసుకోండి. నాకంటే బలహీనంగా ఉన్నారు."

"ఎవరండీ బలహీనం? నిన్న లేచి కూర్చుంది ఎవరు?"

"మింగి చావండి ఎవరో ఒకళ్ళు!" అని మా ఆవిడ అరిచేది. మేష్టారి భార్య వెంటనే "వదినగారూ, ఆ మాట వద్దు, ఆస్పత్రి" అని లెంపలేసుకునేది.

మింగేముందు మేష్టారు కళ్ళు మూసుకుని ప్రార్థన చేసేవారు, ఈ సగం మాత్రను దీవించమని. మా ఆవిడ ఊరుకుంటుందా? వేదాద్రి నరసింహస్వామికి మొక్కుకుంది, పేగు కదిలితే వచ్చి నిద్ర చేస్తామని. ఆ విధంగా ఆ మాత్రల్లో మెగ్నీషియం ఉందో లేదో గానీ ఇద్దరు దేవుళ్ళు మాత్రం కచ్చితంగా ఉన్నారు.

రాతల సిస్టరు రోజూ వచ్చి సీసాల్లో మాత్రలు లెక్కపెట్టేది. లెక్క ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. ఉండకేం? ఆయన సీసాలోంచి ఒకటి, నా సీసాలోంచి ఒకటి పోతూనే ఉన్నాయి. పొట్టలే మారుతున్నాయి.

ఇక పుస్తకంలో రాయాల్సిన ఆ గ్యాస్ సంగతి. పేగు కదిలిందనడానికి మొదటి గుర్తు గ్యాస్ పోవడం. డాక్టరుగారు పొద్దున్నే వచ్చి "పోయిందా?" అని అడిగేవారు. వెనకాల ఇద్దరు సిస్టర్లు, వాళ్ళ వెనక పుస్తకం విప్పుకుని రాతల సిస్టరు. డెబ్బై ఏళ్ళుగా నలుగురిలో జరిగితే దగ్గి కప్పిపుచ్చుకున్న పని కోసం, ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఊపిరి బిగబట్టి నిలబడితే నేను దుప్పటి గడ్డందాకా లాక్కునేవాణ్ణి. పరీక్ష హాల్లో అందరూ నా చేతి వంకే చూస్తున్నట్టుండేది.

"ఇంకా లేదండీ" అనేవాణ్ణి సిగ్గుపడుతూ.

"కంగారేం లేదు, వస్తుంది" అని డాక్టరుగారు భుజం తట్టేవారు.

మూడో రోజు పొద్దున, కింద రోడ్డు మీద ఇడ్లీ బండి ఆయన గంట కొడుతుండగా మేష్టారు గొంతు సవరించుకున్నారు. సవరించుకున్నది గొంతు కాదని మరుక్షణం తెలిసింది.

"అన్నయ్యగారూ, టైమెంత?"

"ఆరూ పదండీ. రాసుకోండి, రాసుకోండి!"

ఆయన భార్య చప్పట్లు కొట్టబోయి, మొగుడి పరువు గుర్తొచ్చి చేతులు కొంగులో దాచుకుంది. నాకు సంతోషంగానే ఉంది గానీ, లోపల ఒక మూల కొంచెం మంట. ఒకే మందు చెరిసగం తిన్నాం, ఆయనది ముందెట్లా వెళ్ళింది? రెండు గంటలు ముందు కోశారు కదా అని నన్ను నేను ఓదార్చుకున్నాను. ఆరూ నలభైకి నాదీ అయింది. దాంతో మా ఆవిడ లేచి కిటికీ వైపు తిరిగి వేదాద్రి స్వామికి దణ్ణం పెట్టింది. వేదాద్రి అటు కాదే, ఇటు అన్నా వినిపించుకోలేదు.

డాక్టరుగారు వచ్చి పుస్తకంలో నేను వేలు పెట్టి చూపించిన టైము ఒక్కటే చూసి, మంచి ఫలితం అన్నారు. మంచి ఫలితం! ఆ మాట ఆయన నోటితో అన్నారు. రాతల సిస్టరు సాక్షి.

ఇంటికొచ్చిన నెలకి కుట్లు చూపించుకోవడానికి బస్సెక్కి నందిగామ వెళ్ళాను. పుస్తకం తెచ్చి ఇమ్మన్నారు, ఇచ్చాను. అందులో నేను ఒక్క పూట కూడా వదల్లేదు. రాతల సిస్టరు పేజీ తిప్పింది, ఆగింది, వెనక్కి తిప్పింది. పైకి చదివింది.

"ఉదయం ఎనిమిది. నా మాత్రలో సగం, మేష్టారి మాత్రలో సగం. పెద్ద ముక్క నాకే ఇచ్చారు, వద్దన్నా వినలేదు. బాబాయిగారూ... సగం ఏందండీ ఇది?"

"చెరిసగమమ్మా."

"ఎన్ని రోజులు?"

"ఆస్పత్రిలో మాత్రలు వేసుకున్న అన్ని రోజులూ. ప్రతి పేజీలో ఉంది చూడు, దాచిందేమీ లేదు."

ఆవిడ కుర్చీలో నెమ్మదిగా కూర్చుంది. లేచి వెళ్ళి డాక్టరుగారిని తీసుకొచ్చింది. ఆయనా చదివారు. నవ్వారో ఏడ్చారో చెప్పలేను, మాస్కు ఉంది.

"పెద్దాయనగారూ, అసలు సంగతి మొదట చెప్తా. ఒకళ్ళ మందు ఇంకొకళ్ళు వేసుకోటం ప్రమాదమండి. మూత్రపిండాలు బాగోనివాళ్ళకి మెగ్నీషియం ఎక్కువైతే గుండె దాకా వెళ్తుంది. మీ ఇద్దరికీ బాగున్నయ్ కాబట్టి సరిపోయింది."

తప్పే. తలొంచుకున్నాను. ఆ మాట ఈ రోజుకీ ఒప్పుకుంటాను, ఎవరూ మమ్మల్ని చూసి ఆ పని చెయ్యకండి.

"రెండోది, మిమ్మల్నిద్దర్నీ పరిశోధనలోంచి తీసెయ్యాలండి. ఇప్పుడు మీరు ఏ గుంపు?"

"రెండు గుంపులూ."

"ఒకే మనిషి రెండు గుంపుల్లో ఉండకూడదండి."

"మా ఊళ్ళో చాలామంది ఉన్నారండీ."

రాతల సిస్టరు మొహం అటు తిప్పుకుంది. డాక్టరుగారు తిప్పుకోలేదు. నేను అడిగాను, "నేను సగం సంగతి రాయకుండా ఉంటే?"

"మాకు తెలిసేది కాదు."

"తెలియకపోతే ఉంచేవాళ్ళా?"

"...ఉంచేవాళ్ళం."

"అంటే తొమ్మిది పేజీలూ చదివి, ప్రతి పూటా నిజం రాసినవాడు బయట. చదవకుండా సంతకం గీకి, నోటికొచ్చిన టైము వేసినవాడు లోపల."

ఆయన నా పుస్తకం మూసి తలుపు వైపు చూశారు. బయట ఇరవైమంది ఉన్నారు, ఆయన తప్పు కాదు. నేను లేచి వచ్చేశాను.

ఇక ఎందుకు ఒప్పుకున్నానో చెబుతాను. నాలుగో తరగతిలో మిరపకాయల కోతలకి నెలన్నర బడి మానేశాను. తిరిగి వెళ్ళేసరికి హాజరు పట్టీలో నా పేరు మీద ఎర్ర సిరాతో గీత ఉంది. నా ముందు పేరు ఉంది, నా తర్వాత పేరు ఉంది, మధ్యలో గీత. అయ్యవారిని ఏమీ అడగలేదు. అడగొచ్చని తెలియదు. ఇంటికి వచ్చేశాను, మళ్ళీ వెళ్ళలేదు. ఆ తర్వాత ఎన్ని పుస్తకాలు చదివినా, చదువుకున్నవాళ్ళు రాసుకునే పుస్తకంలో నేను ఎక్కడా లేను. ఆసుపత్రిలో పదిహేడు అని చెప్పినప్పుడు, పేరు లేకపోయినా ఫరవాలేదు, నంబరు చాలు అనుకున్నాను. దాని మీదా గీత పడింది. ఈసారి అడక్కుండా ఊరుకోదలచుకోలేదు.

మొదటి ఉత్తరం నాలుగు పేజీలు. తొమ్మిది పేజీల నియమాల్లో లేని తప్పుకి శిక్ష వెయ్యడం ఏ ధర్మమని రాశాను. రెండో ఉత్తరంలో మోటార్ల సంగతి రాశాను. ఒకే తొట్టిలోకి రెండు మోటార్ల నీళ్ళు వదిలితే, తొట్టి నిండిందా అని చూస్తాం గానీ తొట్టిని లెక్కలోంచి తీసెయ్యం కదా అని. అది పంపాక నాకే అనుమానం వచ్చింది. ఏ మోటారు ఎంత పోస్తోందో తేల్చాలంటే మాత్రం విడివిడిగానే వదలాలి. ఆ ముక్క మింగేశాను. మూడో ఉత్తరంలో దారి కూడా చూపించాను. ఖనిజాల గుంపు ఒకటి, పిండి గుంపు ఒకటి ఉన్నాయి కదా, సగం-సగం గుంపు అని మూడోది పెట్టండి, అందులో చేరడానికి ఇద్దరం సిద్ధంగా ఉన్నాం అని.

పోస్టాఫీసులో కౌంటరు ఆయన కవరు చూసి "మళ్ళీ పేగుకేనా అండీ?" అనేవాడు.

ఇంట్లో మా ఆవిడ ఊరుకోలేదు. "ఉన్న పేగుకి వేళకి ఇంత మజ్జిగన్నం పడెయ్యకుండా, పోయిన పరువు కోసం ఉత్తరాలా? పెళ్ళైన కొత్తలో నేను పుట్టింటికి పోతే ఒక్క ముక్క రాసిన పాపాన పోలా."

నాలుగో ఉత్తరం మీద మేష్టారి సంతకం కూడా ఉంటే బరువుగా ఉంటుందనిపించి, ఆటో ఎక్కి పెనుగంచిప్రోలు వెళ్ళాను. మేష్టారు వసారాలో కూర్చుని పేపరు చూస్తున్నారు. నన్ను చూసి ఎంతో సంతోషించారు. సంగతి వినగానే చప్పబడ్డారు.

"కొట్టేస్తే కొట్టేశారు లెండి అన్నయ్యగారూ. అరుగుతోందిగా?"

"అరగటం గురించి కాదండీ. మీ ఆరూ పది ఏమైపోయింది? నా ఆరూ నలభై ఏమైపోయింది?"

"గాల్లో కలిసిపోయింది" అన్నారు మేష్టారు. లెక్కల మేష్టార్లు జోకులేస్తే ఇట్లాగే ఉంటుంది.

అంతలో ఆయన భార్య పళ్ళెంలో గారెలు తెచ్చి నా ముందు పెట్టింది. "తీసుకోండి అన్నయ్యగారూ." మేష్టారు కూడా "తీసుకోండి" అన్నారు. నేను చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"సంతకం పెడితేనే ముట్టుకుంటా."

ఇద్దరూ బిత్తరపోయారు. మా వైపు ఇంతకంటే పెద్ద బెదిరింపు లేదు. మనిషి ఎదురుగా తినకుండా కూర్చుంటే ఆ ఇంట్లోవాళ్ళూ తినలేరు. గారెలు వేడిగా ఉన్నాయి, మేష్టారికి గారెలంటే ప్రాణం, చెయ్యి పళ్ళెం దాకా వెళ్ళి వెనక్కి వస్తోంది. నా నోట్లోనూ నీళ్ళూరుతున్నాయి గానీ గుటక కనపడనివ్వలేదు.

"పెట్టండీ సంతకం, చల్లారిపోతున్నయ్!" అని ఆవిడ కసిరింది. "ఆస్పత్రిలో ఒక మాత్ర చెరిసగం తిన్నోళ్ళు, ఒక సంతకం దగ్గర ఇంత ఆలోచనేంది?"

మేష్టారు పెట్టారు. పెట్టేముందు ఉత్తరం చదివి ఎర్ర పెన్నుతో రెండు తప్పులు దిద్దారు. ఎర్ర సిరా చూసి నాకు ఒళ్ళు మండింది గానీ గారెలు తింటూ ఊరుకున్నాను.

ఉత్తరం వెళ్ళింది. వారాలు గడిచాయి. జవాబు లేదు. ఐదో ఉత్తరం చేతికిద్దామని స్వయంగా నందిగామ వెళ్ళాను. డాక్టరుగారు ఆపరేషన్ గదిలో ఉన్నారు. రాతల సిస్టరు బయటికి వచ్చి, ఉత్తరం రెండు చేతులతో తీసుకుంది.

"సారు ఒక్కటి కూడా పారెయ్యలేదండి బాబాయిగారూ. అన్నీ ఫైల్లో పెట్టించారు. రెండుసార్లు జవాబు మొదలెట్టి చింపేశారు."

"ఎందుకు చింపారు?"

"ఏం రాసినా మీరు దాని మీద ఇంకో ఉత్తరం రాస్తారని."

అది అన్యాయమైన మాట. రాసేవాణ్ణి, నిజమే, అయినా అన్యాయమైన మాట. ఇంటికి వచ్చి ఆరో ఉత్తరం మొదలుపెట్టాను. రెండో పేజీలో ఉండగా పోస్టు వచ్చింది. మా ఆవిడ కవరు చింపకుండా తెచ్చి నా ముందు పెట్టి, మొదటిసారి, చివరిదాకా లేవకుండా కూర్చుని వింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

"పెద్దాయనగారికి నమస్కారం. మీ ఉత్తరాలు ఐదూ అందాయి. ఆలస్యానికి మన్నించండి. మిమ్మల్నీ మేష్టారినీ మళ్ళీ ఏ గుంపులోనూ చేర్చుకోలేను. చేర్చుకుంటే మిగతా అందరి ఫలితమూ చెడిపోతుంది. మూడో గుంపూ పెట్టలేను. ఈ విషయంలో మీరు ఇంకెన్ని ఉత్తరాలు రాసినా నా మాట మారదు.

అయితే మిమ్మల్ని కొట్టేశామని మీరు రాసింది మాత్రం సరి కాదు. ఎవరినైనా తీసేస్తే, ఎంతమందిని తీశామో, ఎందుకు తీశామో, మేం అచ్చుకి పంపే పరిశోధన వ్యాసంలో చెప్పి తీరాలి. చెప్పకుండా దాచేస్తే అది పరిశోధన అనిపించుకోదు. ఎంతమంది చేరారో, ఎంతమంది మిగిలారో చూపించే మొట్టమొదటి బొమ్మలోనే దానికి ఒక గడి ఉంటుంది. ఆ గడిలో 'ఇద్దరు, మాత్రలు పంచుకున్నారు' అని ఉంది. ఆ ఇద్దరూ మీరే. మీరు నిజం రాయకపోయి ఉంటే ఆ గడి ఖాళీగా ఉండేది, మా లెక్క తప్పయ్యేది, తప్పని నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. ఆ రోజు మీరడిగిన దానికి ఇది నా జవాబు. అప్పుడు తోచలేదు.

ఇప్పుడు నాకు మీతో ఒక పని పడింది. అచ్చు వెయ్యడానికి ముందు వ్యాసాన్ని పరిశీలించే విదేశీ పెద్దమనిషి సరిగ్గా ఆ గడి దగ్గరే ఆగిపోయాడు. ఒక రోగి తన మందు తనంతట తాను పక్క రోగికి ఎందుకు ఇస్తాడు, ఆ రెండో అతను ఎందుకు తీసుకుంటాడు అని అడుగుతున్నాడు. నేను రెండుసార్లు వివరించాను, అర్థం కాలేదంటున్నాడు. ఎదుటి మనిషి చూస్తుండగా ఒక్కరే తింటే ఎందుకు అరగదో మీ మాటల్లో రాసి పంపితే, ఇంగ్లీషులోకి మార్చి అతనికి పంపుతాను. ఐదు వాక్యాలకు మించకూడదని వాళ్ళ నియమం. పెద్దాయనగారూ, ఐదంటే ఐదే."